చూసి చేసే పనిలో మాటిమాటికి మోడల్ దిక్కు చూడాల్సొస్తే జ్ఞాపకశక్తి తక్కువున్నట్టేనా?

మీరడిగింది ఏందంటే, మోడల్ బొమ్మ పక్కన పెట్టుకొని గీస్తుంటే రెండు గీతలకోసారి మళ్ళీ దాని దిక్కే చూడాల్సొస్తుంది, ఇది మెమరీ వీకా, పెంచుకునే మార్గముందా అని. నాకైతే అది లోపమే కాదనిపిస్తది. మాది గట్టుప్పల్ దిక్కు, చేనేత ఇల్లు, చిన్నప్పటినుంచి చిటికి కట్టుడు చూసుకుంటనే పెరిగిన, డిగ్రీల సైకాలజీ చదివిన, అందుకే రెండూ కలిపి చెప్తా.

చిటికి కట్టుడంటే తెల్వనోళ్ళకు: నూలును ఫ్రేముకు సాగదీసి, గ్రాఫ్ పేపర్ మీద గీసిన డిజైన్ చూసుకుంట, రంగు అంటొద్దన్న చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతోటి బిగించి కడతరు. మా నాయినకు ఈ పనిల తలపండింది, అయినా గ్రాఫ్ చూడకుండ వరస దాటడు. జాగ్రత్తగా గమనిస్తే ఒక్కో కట్టుకు ఆయన కన్ను రెండుసార్లు పోతది, ఒకసారి ఎన్ని గడులు కట్టాల్నో చూస్తడు, పీలిక చేతిలకు తీసుకున్నంక మళ్ళీ చూస్తడు, ఈసారి ఎక్కడ మొదలుపెట్టాల్నో అని. రెండూ ఒకేసారి చూసి మనసుల పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోడు.

నేను చదువుకునేటప్పుడు ఇదే సంగతి పుస్తకంల కనిపిస్తే నవ్వొచ్చింది. బల్లార్డ్, హేహో, పెల్జ్ అని అమెరికాల రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 1995ల రాసిన ప్రయోగం, రంగు రంగుల బ్లాకుల నమూనా చూపించి అచ్చం అట్లనే పేర్చమన్నరు, కన్ను ఎటు పోతుందో రికార్డు చేసిన్రు. చానామంది ఒక్క బ్లాకు కోసం రెండుసార్లు నమూనా దిక్కు చూసిన్రు, మొదట రంగు కోసం, తర్వాత జాగ కోసం. నాలుగు బ్లాకులు గుర్తుపెట్టుకునే శక్తి వాళ్ళకు ఉంది, అయినా వాడుకోలేదు, ఎదురుంగనే ఉన్నదాన్ని మోసుడెందుకు అన్నట్టు. అసలు మజా ఏందంటే నమూనాను దూరం జరిపి, తల తిప్పితే గాని కనపడకుండ చేస్తే, అదే మనుషులు తక్కువసార్లు చూసి ఎక్కువ గుర్తుపెట్టుకున్నరు. అంటే చూసుడు తేలికైతే చూస్తం, కష్టమైతే మోస్తం. మెదడు ఎప్పటికప్పుడు లెక్కేసుకుంటనే ఉంటది.

మోసే బరువు కూడా చిన్నదే. లక్, వోగెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1997ల చూపించిన్రు, చూసిన వస్తువులల్ల ఓ నాలుగింటి దాకనే ఒకేసారి మనసుల నిలుస్తయి. మరి చెయ్యి తిరిగిన కళాకారులు చూడకుండ గీస్తరు కదా అంటరు. నిజమే గాని ఆ నాలుగు పది అయినట్టు కాదు, ఒక్కోదాంట్ల పట్టేది పెరుగుతది. చెస్ ఆడేటోళ్ళ మీద చేజ్, సైమన్ చేసిన పని (1973) ఇదే చెప్తది, నిజం ఆటలోని బోర్డును ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ చానా గుర్తుపెట్టుకుంటడు, అవే పావులు ఎట్లవడితె అట్ల పెడితే ఆ పైచేయి దాదాపు పోతది. మా నాయినకు ఏనుగు తొండమంటే ఒక్క ముక్క, నాకు అదే పదిహేను గడులు.

ఇంకోటి, చేతి పనికి జ్ఞాపకం ఎంత అవసరమో మధ్యల గ్యాప్ వస్తేనే తెలుస్తది. డి.ఎఫ్. అని పిలిచే ఒక పేషెంట్ ఉండె, కార్బన్ మోనాక్సైడ్ వల్ల మెదడు దెబ్బతిని వస్తువుల ఆకారం పోల్చుకోలేకపోయేది, కాని అందుకోమంటే వేళ్ళు సరిగ్గ ఆ వస్తువు సైజుకే తెరుచుకునేవి. వస్తువును దాచేసి రెండు సెకన్లు ఆగి ఇప్పుడు పట్టుకున్నట్టు చెయ్ అంటే మాత్రం వేళ్ళకు ఆ సైజు తెలిసేది కాదు. ఎదురుంగ ఉన్నదాన్ని పట్టుకునుడు ఒక దారి, చూసింది మనసుల పెట్టుకొని చేసుడు ఇంకో దారి. మీరు మోడల్ చూసి, తల దించి, పెన్సిల్ చెక్కి, అప్పుడు గీస్తే ఆ రెండో దారిన పోతున్నరు, అందుకే జారిపోతది.

గ్రాఫ్ వెనక గోడకు తగిలించిన రోజు మా ఇంట్ల వేరే సప్పుడు వస్తది, నోట్లనే గొణుగుడు, "మూడు ఇడువు, రెండు కట్టు, మూడు ఇడువు..." చూసింది నిలవదని మాటల్లోకి మార్చుకుంటున్నరన్న మాట, బ్యాడ్‌లీ, హిచ్ అనే సైకాలజిస్టులు 1974 నుంచి చెప్పేది అదే, చూసినదానికి వేరే జాగ, మాటకు వేరే జాగ. గ్రాఫ్ ఎదురుంగ ఉన్నప్పుడు నాయిన ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుంట కడతడు, గొణిగేటప్పుడు చాయ్ తాగుతవా అని అడిగినా కోపమొస్తది, లెక్క పోయినట్టే.

మీ పనికి వస్తే, మోడల్‌ను కాగితం పక్కనే, వీలైతే అదే సైజుల, అదే వాలుల పెట్టుకోండి. ఒక్క చూపులో మొత్తం బొమ్మ పట్టాలని చూడకండి, ఇప్పుడు గీయబోయే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతదో అంతే చూసి వెంటనే గీసెయ్యండి, మధ్యల పెన్సిల్ చెక్కుడు, రబ్బరు వెతుకుడు పెట్టుకోకండి. చూడకుండ గీయడమే మీ కోరికైతే అది వేరే సాధన, ఒకటే బొమ్మ మళ్ళీ మళ్ళీ గీస్తనే వస్తది. ఫోన్ల చూసి గీస్తున్నరా? అయితే ముందు స్క్రీన్ ఆఫ్ అయ్యే టైం పెంచుకోండి.