ఫుల్‌బ్రైట్ ఒకసారి రాలేదు.. అదే ప్రపోజల్ మళ్లీ పంపొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని జయపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్. కోరాపుట్ జిల్లాలోనే జీవవైవిధ్యం విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండేళ్లు నిండాయి. మా కొండ ప్రాంతపు దేశవాళీ వరి రకాలు నా అంశం. నిరుడు, పీహెచ్‌డీ మధ్యలో అమెరికా వెళ్లి పరిశోధన చేయడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రిసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేస్తే ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు, కారణం చెప్పలేదు. గైడ్ మళ్లీ పెట్టమంటున్నారు. నాన్నగారేమో ‘ఒకసారి కాదన్నాక మళ్లీ ఎందుకమ్మా’ అంటున్నారు. పాత ప్రపోజల్‌నే కాస్త సరిచేసి పంపితే చాలా? - ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: తప్పకుండా పెట్టండమ్మా. కాకపోతే ఆ ‘కాస్త సరిచేసి’ అన్న మాటను పక్కన పెట్టండి. తేదీలు మార్చి, భాష దిద్ది పంపిన ప్రపోజల్ నిరుడు ఆగిన చోటే మళ్లీ ఆగుతుంది. రెండోసారి అడగడాన్ని ఎవరూ తప్పుగా చూడరు. ఈ ఏడాదిలో మీ దగ్గర కొత్తగా ఏం చేరిందో కనబడాలి, అంతే.

ముందు ఎక్కడ ఆగిందో తేల్చుకుందాం. ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్ల ప్రపోజల్ సాధారణంగా బాగానే ఉంటుంది, తేడా మాట్లాడటంలో వస్తుంది. మీది కాగితం మీదే ఆగింది. అంటే నిబంధనల్లో ఏదైనా తప్పి ఉండాలి, లేదా చదివినవాళ్లకు ‘ఈ పనికి అమెరికా ఎందుకు’ అన్నది అంది ఉండకపోవాలి.

నిబంధనల్లో మీకు తగిలేవి రెండున్నాయి. దరఖాస్తు గడువు నాటికి పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయి కనీసం ఏడాది నిండాలి. నిరుడు మీరు సరిగ్గా ఆ అంచున ఉన్నారు. చాలా యూనివర్సిటీల్లో అడ్మిషన్ తేదీ ఒకటి, కోర్సువర్క్ అయ్యాక ఇచ్చే రిజిస్ట్రేషన్ లెటర్ మీద తేదీ ఇంకొకటి. మీరు ఫారంలో మొదటిది రాసి, రెండోది ఉన్న లెటర్ అప్‌లోడ్ చేశారేమో ఒకసారి తీసి చూడండి. ఈసారి లెటర్‌లో అంశం పేరు, రిజిస్ట్రేషన్ తేదీ రెండూ స్పష్టంగా ఉండాలి. ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా అవే ఉండాలి.

రెండోది థీసిస్ తేదీ. ఇది పీహెచ్‌డీ మధ్యలో ఉన్నవాళ్ల ఫెలోషిప్ కాబట్టి, అక్కడి ఫెలోషిప్ కాలం ముగిసిన మూడు నెలల లోపు థీసిస్ సమర్పించకూడదు. మేలో ముగిస్తే ఆగస్టులో గానీ ఆ తర్వాత గానీ ఇవ్వాలి. దరఖాస్తు చేశాక విమానం ఎక్కేసరికి ఇంచుమించు ఏడాది పడుతుంది, అక్కడ ఉండేది 6 నుంచి 9 నెలలు. ఈ లెక్కన మీ సమర్పణ నాలుగో ఏడాది చివరికో, ఐదో ఏడాదికో వెళ్తుంది. ‘మూడున్నరేళ్లలో ఇచ్చేస్తాను’ అని ఉత్సాహంగా రాసి ఉంటే ఆ ఒక్క వాక్యమే అడ్డం పడుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువుంది, మహిళలకు అదనంగా రెండేళ్ల వెసులుబాటు కూడా ఉంది. కాబట్టి తొందర అక్కర్లేదు.

ఇక అసలు సంగతి, ప్రపోజల్. దేశవాళీ పంటల మీద వచ్చే ప్రపోజల్స్ చాలావరకు ఇలా మొదలవుతాయి: ‘భారతదేశం జీవవైవిధ్యానికి నిలయం. వరి కోట్లాది మందికి ప్రధాన ఆహారం. వాతావరణ మార్పుల నేపథ్యంలో దేశవాళీ రకాల సంరక్షణ అత్యవసరం.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇది జయపురం అమ్మాయి రాసిందో, జబల్‌పుర్ అబ్బాయి రాసిందో తెలియదు. మీ అంశానికి ఉన్న బలమంతా మీ ఊళ్లోనే ఉంది, దాన్ని మొదటి పేరాలోకి తీసుకురండి. ఉదాహరణకి:

‘1955-59 మధ్య జయపురం ప్రాంతంలో జరిగిన సర్వేలో 1,700కు పైగా దేశవాళీ వరి రకాలు సేకరించారు. వాటిలో ఇప్పుడు ఎన్ని రైతుల చేతుల్లో మిగిలాయి, మిగిలినవాటిలో జన్యు వైవిధ్యం ఎంత తగ్గింది? డొంగర్ (మెట్ట), బెడా (మధ్యస్థ), ఝోలా (పల్లపు) భూముల్లో రెండు ఖరీఫ్‌ల పాటు నేను సేకరించిన సాగు వివరాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని ప్రపంచవ్యాప్త వరి జన్యు సమాచారంతో పోల్చే గణన పద్ధతి నాకు ఇంకా రాదు. దాన్ని ఫలానా ల్యాబ్‌లో 9 నెలల్లో నేర్చుకుని ఈ పోలిక పూర్తి చేస్తాను.’

ఇందులో ప్రశ్న ఉంది. చేతిలో ఉన్నది, లేనిది తెలుస్తున్నాయి. ఆ లేనిది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పారు. ‘నాకు ఇది రాదు’ అని రాయడానికి మనవాళ్లు జంకుతారు. అన్నీ వచ్చినవాళ్లని అక్కడికి పంపడం ఎందుకని చదివేవాళ్లు అనుకుంటారు కదా! కోరాపుట్ పేరు వినని వాళ్లకు ఒక్క వాక్యం చాలు: ఈ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ గుర్తింపు వచ్చిన సంగతి కూడా రాయొచ్చు. అంతకు మించి పొగడ్తలు వద్దు. భాషల గడిలో తెలుగు, ఒడియాతో ఆపేయకండి. రైతులతో దేశియాలో (ఈ ప్రాంతపు ఒడియా మాండలికం) నేరుగా మాట్లాడగలిగితే అది రాయండి. దుబాసీ అవసరం లేకుండా ఫీల్డ్‌వర్క్ చేయగలగడం పరిశోధనలో పెద్ద అర్హత.

అమెరికానే ఎందుకన్నదానికి ‘ఆధునిక ల్యాబులు ఉంటాయి’ అంటే కుదరదు. ల్యాబులు కటక్‌లోని వరి పరిశోధన సంస్థలోనూ ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అక్కడ తప్ప దొరకనిది ఏమిటో పేరు పెట్టి చెప్పాలి. అది ఒక ప్రొఫెసర్ బృందం తయారుచేసిన విశ్లేషణ పద్ధతి కావచ్చు, ఆర్కాన్సా రాష్ట్రం స్టుట్‌గార్ట్‌లోని జాతీయ వరి పరిశోధన కేంద్రంలాంటి చోట ఉన్న సేకరణ కావచ్చు. ఆ బృందం ఈమధ్య వేసిన పేపర్లు రెండైనా చదివి, మీ పనికి అతికే చోటేదో రాయండి.

మీ అంశంలో చాలామందికి తట్టని పెద్ద గొయ్యి ఒకటుంది, విత్తనాలు. ‘సేకరించిన నమూనాలను అమెరికా ల్యాబ్‌లో సీక్వెన్సింగ్ (జన్యుక్రమాన్ని చదవడం) చేయిస్తాను’ అని నిరుడు రాసి ఉంటే, చదివినవాళ్లలో విషయం తెలిసినవారు అక్కడే పెన్ను కింద పెట్టి ఉంటారు. జీవవైవిధ్య చట్టం, 2002 కింద జీవ వనరులంటే మొక్కే కాదు, దాని జన్యు పదార్థం కూడా. గింజలే కాదు, డీఎన్‌ఏ తీసిన ట్యూబు కూడా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లేది కాదు. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. అదొచ్చినా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, అవతలి దేశపు దిగుమతి అనుమతి వేరే. 9 నెలల ఫెలోషిప్‌లో ఇవన్నీ తెమలవు. అందుకే పని రెండుగా విడగొట్టండి: సీక్వెన్సింగ్ ఇక్కడే పూర్తి చేసుకోండి, అక్కడ విశ్లేషణ మాత్రమే పెట్టుకోండి. పోల్చడానికి 3,000 వరి రకాల జన్యుక్రమాలు 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. పరిశోధన ఫలితాలను విదేశీయులకు అప్పగించడం మీద కూడా ఆ చట్టంలో నియమాలున్నాయి. కాబట్టి డేటా పంచుకునే తీరు గురించి గైడ్‌తోనూ యూనివర్సిటీ రిసెర్చ్ సెల్‌తోనూ ఇప్పుడే మాట్లాడండి. ‘విత్తన నమూనాలేవీ దేశం దాటవు, రైతుల సమ్మతితోనే సేకరణ జరిగింది’ అన్న వాక్యం ప్రపోజల్‌లో కనబడాలి.

పని ప్రణాళికలో అత్యాశ ఇంకో జబ్బు. 9 నెలల్లో శిక్షణ, విశ్లేషణ, మూడు పేపర్లు, ఒక వర్క్‌షాప్, రైతులకు యాప్ అని రాస్తే ఎవరూ నమ్మరు. మొదటి రెండు నెలలు పద్ధతి నేర్చుకోవడం, తర్వాత నాలుగు నెలలు మీ డేటా మీద విశ్లేషణ, చివరి మూడు నెలలు ఒక అధ్యాయం, ఒక పేపర్ చిత్తు. అంతే చాలు. ప్రయాణం నెల ఎంచుకునేటప్పుడు ఖరీఫ్ కోతలు అడ్డం రాకుండా చూసుకోండి. ఆ సీజన్ తప్పితే ఫీల్డ్ డేటాకి మళ్లీ ఏడాది ఆగాలి.

అక్కడి ప్రొఫెసర్ ఇచ్చే ఆహ్వాన లేఖ ఉంటే దరఖాస్తు బరువు చాలా పెరుగుతుంది. దానికి గడువుకు నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. మెయిల్ ఆరేడు వాక్యాలు దాటకూడదు: మీరెవరు, మీ ప్రశ్న ఏమిటి, వారి ఏ పేపర్ మీకు ఎక్కడ పనికొస్తుంది, ఏ నెలల్లో రావాలనుకుంటున్నారు, ఖర్చు ఫెలోషిప్ భరిస్తుందన్న మాట. దాంతోపాటు ఒక పేజీ సారాంశం. ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఒకే మెయిల్ ఇరవైమందికి పంపితే జవాబు రాదు. పది రోజులు చూసి ఒకసారి గుర్తుచేయండి, రాకపోతే ఇంకొకరు. వచ్చే లేఖ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో మీ ప్రాజెక్టు పేరు, నెలలు, వారు మీకు ఇచ్చే సదుపాయం రాసి ఉండాలి. ‘ఆమె వస్తే సంతోషం’ అన్న రెండు లైన్ల లేఖకు పెద్ద విలువ లేదు.

రికమెండేషన్ లెటర్లు మూడు, అందులో ఒకటి మీ గైడ్‌ది. నిరుటి లెటర్లు ఈ ఏడాదికి పనికిరావు, కొత్తవి తీసుకోండి. మన దగ్గర అలవాటు తెలిసిందే: ‘నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను’ అంటారు. మూడూ మీరే రాస్తే మూడింటి వాక్యాలూ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. లెటర్ బదులు ఒక్కొక్కరికీ ఒక పేజీ నోట్స్ ఇవ్వండి. గైడ్‌కి థీసిస్ పురోగతి, ల్యాబ్‌లో నేర్పినవారికి మీ నైపుణ్యం, ఫీల్డ్‌లో చూసినవారికి రైతులతో మీ పని గురించి. మూడోవారు మీ శాఖవారే కానక్కర్లేదు. జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ కేంద్రంలో మీ ఫీల్డ్‌వర్క్ ఎరిగిన శాస్త్రవేత్త ఉంటే, పెద్ద హోదా ఉండి మీరెవరో తెలియని ప్రొఫెసర్ కంటే నయం. దరఖాస్తు పోర్టల్ నుంచి వారికి వెళ్లే మెయిల్ చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఫోన్ చేసి చూడమనండి, గడువుకు వారం ముందే మూడూ చేరాయో లేదో సరిచూసుకోండి.

ఇతరుల పేపర్ల నుంచి, సీనియర్ల సినాప్సిస్ నుంచి వాక్యాలు ఎత్తితే అనర్హులవుతారు. ఒక విడతలో ఒక ఫుల్‌బ్రైట్-నెహ్రూ విభాగానికే దరఖాస్తు చేయాలి.

ఈ ఒక్కదాని మీదే కూర్చోకండి. అమెరికా ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడ్డ కార్యక్రమం ఇది. ఎంపికల్లో ప్రభుత్వ జోక్యాన్ని నిరసిస్తూ 2025 జూన్‌లో ఫుల్‌బ్రైట్ బోర్డు సభ్యులు దాదాపు అందరూ రాజీనామా చేశారు. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) ఆరు నెలల వరకు స్వల్పకాలిక పరిశోధన గ్రాంట్లు ఇస్తుంది. బ్రిటన్‌లో కామన్వెల్త్ స్ప్లిట్-సైట్ స్కాలర్‌షిప్ కింద ఇక్కడి పీహెచ్‌డీలో ఉంటూనే 12 నెలల వరకు అక్కడి యూనివర్సిటీలో పనిచేయొచ్చు. ఫీల్డ్ వివరాల పేరా మూడింటికీ అదే ఉంటుంది. ‘అక్కడే ఎందుకు’ అన్న పేరా మాత్రం మూడుసార్లు కొత్తగా రాయాలి.

నాన్నగారికి చెప్పాల్సినవి: ఎంపికైతే నెలనెలా స్టైపెండ్, రానుపోను విమాన చార్జీ, ఆరోగ్య రక్షణ వాళ్లే చూస్తారు, ఇల్లు తాకట్టు పెట్టే పని లేదు. యూజీసీ ఫెలోషిప్ తీసుకుంటుంటే యూనివర్సిటీ నుంచి సెలవు, ఎన్‌ఓసీ ముందే తీసుకోండి. ఇంకొకటి. ఈ ఫెలోషిప్ మీద వచ్చే జే-1 వీసాకి రెండేళ్ల షరతుంది: తిరిగొచ్చి స్వదేశంలో రెండేళ్లు ఉంటే గానీ హెచ్, ఎల్ వీసాలు, గ్రీన్‌కార్డు ఇవ్వరు. హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 కూడా ఇందులోకే వస్తుంది. అంటే ఇంట్లో అమెరికా సాఫ్ట్‌వేర్ సంబంధం చూసే ఆలోచన ఉంటే, ఈ షరతు సంగతి ముహూర్తాలు పెట్టుకున్నాక కాదు, ఇప్పుడే తెలియాలి.

పాస్‌పోర్టు లేకపోతే వెంటనే తీయించండి. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు పేరు దగ్గరే చిక్కు: ఒక సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో చివర పూర్తిగా, ఆధార్‌లో అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకండి. దరఖాస్తు, ఆహ్వాన లేఖ, రికమెండేషన్ లెటర్లు అన్నింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయించండి. వీసా ఇంటర్వ్యూ మీకు హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది; టెన్త్ సర్టిఫికెట్‌లో పేరు సరిచేయించాల్సి ఉంటే బోర్డు ఆఫీసులో నెలలు పడుతుంది కాబట్టి ప్రపోజల్ కంటే ముందు ఆ దరఖాస్తు పెట్టేయండి.