టెక్ సందేహాలు: రిమోట్ డెస్క్‌టాప్‌లో రంగులు చారలుగా వస్తున్నాయి

ప్రశ్న: హన్మకొండలో మా ఫ్లెక్సీ షాపు కంప్యూటర్‌ని కాజీపేటలోని ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరుస్తున్నాను. డిజైన్‌లో సాఫీగా కలిసిపోవాల్సిన రంగులు చారలు చారలుగా కనిపిస్తున్నాయి. రంగుల సెట్టింగ్ (కలర్ డెప్త్) 32 బిట్ పెట్టినా మారలేదు. నెట్‌వర్క్ అబ్బాయి రూటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి ఇచ్చాడు, కనెక్షన్ బాగానే ఉంది.

జవాబు: మీ ఫైల్ చెడిపోలేదు, తెర మీదికి వచ్చే బొమ్మే తగ్గింది. 16 బిట్‌లో ఉండేవి 65,536 రంగులే, 24 బిట్‌లో కోటీ 67 లక్షలకు పైనే. మీ ఇంట్లో ఉన్నది 8.0 కంటే పాత రిమోట్ డెస్క్‌టాప్ అయితే, మీరు 32 అడిగినా షాపు కంప్యూటర్‌లో 16 అని హద్దు పెట్టి ఉంటే 16 మాత్రమే వస్తుంది; 8.0 నుంచి ఆ హద్దు వర్తించదు. ఆ సంగతి తెర మీద ఎక్కడా చెప్పకపోవడం నిర్లక్ష్యపు డిజైన్. ఈ ప్రశ్న నాకు పదేపదే రావడానికి కారణం అదే. షాపు కంప్యూటర్ గ్రూప్ పాలసీలో (విండోస్ సెట్టింగులకు హద్దులు పెట్టే చోటు), రిమోట్ సెషన్ ఎన్విరాన్‌మెంట్ కింద 'లిమిట్ మాగ్జిమమ్ కలర్ డెప్త్' చూడండి. 16 ఉంటే 'నాట్ కాన్ఫిగర్డ్' చేసి, సైన్ అవుట్ అయి మళ్లీ కనెక్ట్ అవ్వండి. అయినా ప్రింటుకు పంపే రంగును మాత్రం రిమోట్‌లో చూసి ఖాయం చేయకండి.

నన్ను కలవరపెట్టింది మీ ఆఖరి వాక్యం. 3389 ఇంటర్నెట్‌కి తెరిచి ఉందంటే షాపు షట్టర్ రాత్రంతా ఎత్తి పెట్టినట్టే. ఇలాంటి పోర్టుల కోసం బాట్లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు) నిరంతరం వెతుకుతుంటాయి, దొరికితే పాస్‌వర్డులు వరసగా కొట్టి చూస్తాయి. లోపలికొస్తే దొంగలు రాన్సమ్‌వేర్ (డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామనే ప్రోగ్రాము) పెట్టి కస్టమర్ల ఫైళ్లన్నీ తాళం వేస్తారు. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అందుకే మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్పుడు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇవ్వాల్సి వచ్చింది. పోర్టు నంబరు మారిస్తే చాలనేవాళ్ల మాట వినకండి, స్కానర్లు అన్ని నంబర్లూ తడుముతాయి.

డిజైన్ షాపులు, ఆడిటర్ల ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు... ఇన్‌స్టాల్ చేసేవాళ్లు అంతటా ఇదే పని చేసి పోతున్నారు. 'కనెక్ట్ అయింది కదా సార్' అంటే పని అయిపోయినట్టు కాదు. వీపీఎన్ (ఈ పోర్టు ఇంటర్నెట్‌కి తెరవకుండానే షాపుకి కనెక్ట్ అయ్యే భద్రమైన దారి) పెట్టడం కూడా వాళ్ల పనే, అడిగి చేయించుకోండి.

ఈ రోజే ఆ పోర్టు మూయించండి. తర్వాత షాపు కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టే చోటు)లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 నంబరు ఎంట్రీలు చూడండి. అవి విఫలమైన లాగిన్ ప్రయత్నాలు. మీరు నిద్రపోయే వేళల్లో, మీకు తెలియని పేర్లతో అవి కుప్పలుగా ఉంటే పాస్‌వర్డులన్నీ మార్చి, ఫైళ్ల కాపీ ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసుకుని, దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి దాచండి.