మానని పుండుకి వ్యాక్ మెషీన్ పెట్టించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి షుగర్ ఉంది, అరికాలి మీద పుండు మూడు నెలలైనా మానట్లేదు. ఇప్పుడు వ్యాక్ మెషీన్, అంటే పుండులోని రసిని బయటికి లాగేసే మెషీన్ పెడదాం అంటున్నారు. రాత్రీపగలూ అలా లాగుతూ ఉంటే నొప్పి పుట్టదా, ఉన్న కండ కూడా ఊడొచ్చేస్తుందేమో అని ఇంట్లో అందరికీ భయంగా ఉంది.

జవాబు: కండ ఊడిరాదండి, ఆ భయం వదిలేయండి. పుండు సైజుకి కత్తిరించిన స్పాంజ్ లోపల పెట్టి, పైన గాలి చొరకుండా పల్చటి ప్లాస్టిక్ షీట్ అంటించి, ట్యూబ్‌తో మెషీన్‌కి కలుపుతారు, అది మామూలుగా 125 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) ఒత్తిడితో లాగుతుంది. రసి అంతా డబ్బాలోకి పోతుంది, వాపు తగ్గుతుంది, అంచులు దగ్గరికొస్తాయి, అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ లేస్తుంది. షుగర్ వల్ల పాదంలో కొంత భాగం తీసేయాల్సి వచ్చిన 162 మంది మీద 2005లో వచ్చిన స్టడీలో, 16 వారాలకి మామూలు డ్రెస్సింగ్ వాళ్లలో 39 శాతం మందికి, ఇది పెట్టినవాళ్లలో 56 శాతం మందికి గాయం మూసుకుంది. అంటే దీంతో కూడా అందరికీ మానలేదు, అది గుర్తుపెట్టుకోండి.

మెషీన్ కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, నల్లబడిన చచ్చిన కండ మొత్తం తీసేశారా, ఎముకకి ఇన్ఫెక్షన్ పాకిందా చూశారా? ఇవి తేలకుండా పెడితే లాభం లేదు, పైగా లోపల కుళ్లు ముదిరిపోతుంది. షుగర్ అదుపులో ఉండాలి, ఆ పాదం మీద బరువు పడకూడదు. మెషీన్ ఉంది కదా అని నాన్నగారు తిరిగేస్తుంటే పుండు ఎలా మానుతుంది చెప్పండి!

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ట్యూబ్‌లో ఉన్నట్టుండి ఎర్రటి రక్తం కనిపిస్తే మెషీన్ ఆపేసి, డ్రెస్సింగ్ పీకకుండా పైనుంచి గట్టిగా నొక్కిపట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కరెంట్ పోయో, గాలి లీకయ్యో రెండు గంటలకి మించి ఆగిపోతే ఆ స్పాంజ్ లోపల ఉంచకూడదు, నర్సుకి ఫోన్ చేయండి. ఎన్ని స్పాంజ్ ముక్కలు పెట్టారో షీట్ మీద రాయించండి, మార్చేటప్పుడు అన్నీ బయటికొచ్చాయో లేదో లెక్కచూడాలి, ఒక్క ముక్క లోపల ఉండిపోయినా ఇన్ఫెక్షనే.

నొప్పి అంటారా, మెషీన్ నడిచేటప్పుడు కంటే రెండు మూడు రోజులకోసారి స్పాంజ్ మార్చేటప్పుడే ఎక్కువ. అరగంట ముందు నొప్పి మాత్ర ఇవ్వొచ్చేమో అడగండి, సెలైన్‌తో తడిపి నిదానంగా తీయమనండి.