ఎన్నారై సందేహాలు: మంచు రోడ్డు మీద ట్రక్కు జారితే

"అమెరికాలో సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే లైసెన్సు) వచ్చింది. డెన్వర్ మీదుగా సాల్ట్ లేక్ సిటీకి లోడ్లు ఇస్తామంటున్నారు. చలికాలంలో బండి జారితే ఏం చేయాలి?" అని ఒక తమ్ముడు అడిగాడు. విజయవాడ వైపు చాలా ఏళ్లు లారీ నడిపానని, బ్రేకు మీద మంచి కంట్రోల్ ఉందని కూడా రాశాడు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ రెండో మాటే.

తమ్ముడూ, మంచు మీద బండి జారిందంటే చాలాసార్లు కారణం బ్రేకే. ట్రాక్టర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) వెనక చక్రాలు తిరగడం మానేస్తాయి, రోడ్డును పట్టుకోలేవు, వెనక భాగం పక్కకు జరుగుతుంది. వెనక నుంచి ట్రైలర్ తోస్తూనే ఉంటుంది. అదే జాక్‌నైఫ్. అలాంటప్పుడు భయంతో ఇంకా గట్టిగా తొక్కితే చక్రాలు ఇంకా బిగుసుకుంటాయి. కాబట్టి ముందు బ్రేకు మీద నుంచి కాలు తీసేయండి. చక్రాలు మళ్లీ తిరగడం మొదలుపెడితేనే స్టీరింగ్ మాట వింటుంది. బండి ఎటు పోవాలో అటు స్టీరింగ్ తిప్పండి. దారిలోకి వస్తుండగానే స్టీరింగ్‌ను వెంటనే వెనక్కి తిప్పాలి, లేకపోతే రెండో వైపుకు జారుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండో జారుడులోనే.

గ్యాస్ (యాక్సిలరేటర్) ఎక్కువ తొక్కినా, జేక్ బ్రేకు (ఇంజిన్‌తోనే వేగం తగ్గించే బ్రేకు) వేసి ఉన్నా కూడా వెనక చక్రాలు జారతాయి. గ్యాస్ వదిలేయండి. మాన్యువల్ బండి అయితే క్లచ్ తొక్కండి. రోడ్డు తడిగా ఉన్నా, మంచు పట్టినా జేక్ బ్రేకు, క్రూజ్ కంట్రోల్ రెండూ ముందే ఆఫ్ చేసి పెట్టుకోవాలి.

గట్టిగా బ్రేకు కొట్టాల్సి వచ్చిన ప్రతిసారీ అద్దంలో ట్రైలర్‌ను చూడండి. అది తన లైను వదిలి పక్కకు వస్తోందంటే దాని చక్రాలు బిగుసుకున్నట్టే. అప్పుడు ట్రైలర్ హ్యాండ్ బ్రేకు లాగితే సరిదిద్దుకోవచ్చని కొందరు చెప్తారు. అది తప్పు. జారడానికి కారణమే ట్రైలర్ బ్రేకు కాబట్టి దాన్ని వదిలితేనే ట్రైలర్ లైనులోకి వస్తుంది. ముందు చక్రాలు జారితే మాత్రం వేరే లక్షణం: స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. అప్పుడు ఇంకా తిప్పకండి, బ్రేకు గట్టిగా తొక్కకండి. వేగం తగ్గేదాకా ఆగడమే మార్గం.

మన దగ్గర అలవాటైన ఇంకో పని, బ్రేకును పంపు కొట్టినట్టు తొక్కి వదలడం. ఏబీఎస్ ఉన్న బండిలో అలా చేయకూడదు. ఎయిర్ బ్రేకు ట్రాక్టర్లకు 1997 మార్చి 1 నుంచి, ట్రైలర్లకు 1998 మార్చి 1 నుంచి తయారైన వాటికి ఏబీఎస్ తప్పనిసరి. మామూలుగా తొక్కండి, మిగతాది అది చూసుకుంటుంది. అయితే ఏబీఎస్ ఉంది కదా అని బండి తొందరగా ఆగుతుందనుకోకండి. చక్రాలు బిగుసుకోకుండా, స్టీరింగ్ చేతిలో ఉండేలా చూడటం వరకే దాని పని.

అసలు లెక్క వేగం దగ్గరే తేలిపోతుంది. పొడి రోడ్డు మీద గంటకు 55 మైళ్లతో పోతున్న బండి, డ్రైవర్ ప్రమాదం చూసిన క్షణం నుంచి పూర్తిగా ఆగడానికి దాదాపు 419 అడుగులు పడుతుందని సీడీఎల్ మాన్యువల్ లెక్క. తడి రోడ్డయితే వేగం మూడో వంతు తగ్గించాలి, గట్టిపడిన మంచయితే సగం లేదా అంతకన్నా ఎక్కువ. ఐసు మీద నత్తనడకన పోయి, ఎక్కడ సురక్షితంగా ఆపగలిగితే అక్కడ ఆపేయడమే. ఖాళీ బండి తేలిగ్గా ఆగుతుందని మనలో చాలామంది నమ్ముతారు. నిజానికి బరువు లేక చక్రాలకు పట్టు తగ్గి, ఖాళీ బండికే ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. వయోమింగ్‌లో లారమీ, రాలిన్స్ మధ్య ఐ-80 హైవే మీద గాలి ఖాళీ ట్రైలర్లను పడగొట్టేస్తుంది కూడా.

బ్లాక్ ఐస్ కంటికి కనపడదు, రోడ్డు తడిసినట్టు ఉంటుంది అంతే. పక్క బండ్ల టైర్ల నుంచి లేచే నీటి తుంపర ఉన్నట్టుండి ఆగిపోయిందా, ఆ నీరు గడ్డకట్టినట్టు. కిటికీ దించి అద్దం ముందు వైపు తడిమి చూడండి, అక్కడ ఐసు తగిలితే రోడ్డు మీద కూడా ఉండే ఉంటుంది. వంతెనలు మిగతా రోడ్డుకన్నా ముందు గడ్డకడతాయి.

ఇక దిగుడు. డీజిల్ మిగులుతుందని ఘాట్ మీద న్యూట్రల్‌లో దింపే అలవాటు ఎవరికైనా ఉంటే ఇక్కడితో మరిచిపోవాలి. దిగడం మొదలుకాక ముందే గేరు తగ్గించాలి. 2019 ఏప్రిల్‌లో డెన్వర్ దగ్గర లేక్‌వుడ్‌లో బ్రేకులు పోయిన ట్రక్కు ఒకటి ఐ-70 మీద ఆగి ఉన్న వాహనాల్లోకి దూసుకెళ్లి నలుగురు చనిపోయారు. దారిలో రన్‌అవే ర్యాంప్ (బ్రేకులు పోయిన బండ్లను ఆపే పక్క దారి) ఉన్నా ఆ బండి దాన్ని దాటేసి వచ్చింది. బ్రేకు మెత్తబడినట్టు అనిపిస్తే టోయింగ్ ఖర్చు, కంపెనీ కోపం ఏవీ లెక్కపెట్టకుండా ర్యాంప్ ఎక్కించేయండి. అదే ఐ-70 మీద డాట్‌సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా బండిలో టైర్లకు చుట్టే చెయిన్లు ఉండి తీరాలి. వేయడం ఎండ ఉన్నరోజే యార్డులో నేర్చుకోండి.

టైరు పేలితే ఏం చేయాలో మన ఎండలు మీకు నేర్పే ఉంటాయి: స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, బ్రేకు జోలికి పోకుండా వేగం తగ్గనివ్వాలి.

బండి ఆగిపోతే వెనకాల రాళ్లు, చెట్టు కొమ్మలు పెట్టడం ఇక్కడ కుదరదు. 10 నిమిషాల్లోపు మూడు ట్రయాంగిల్స్ (హెచ్చరిక త్రికోణాలు) పెట్టాలి. డివైడెడ్ హైవే అయితే మూడూ వెనక వైపే, 10, 100, 200 అడుగుల దూరంలో. పెట్టడానికి వెళ్తున్నప్పుడు ట్రయాంగిల్స్‌ను ఎదురుగా వచ్చే బండ్లకు కనపడేలా పట్టుకోండి. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే హైవే నంబరు, ఏ దిక్కుకు పోతున్నారు, మైలు మార్కర్ (రోడ్డు పక్కన మైలు అంకె బోర్డు) ఎంత, ఈ మూడూ ముందు చెప్పండి. నడుపుతున్నప్పుడే మార్కర్లు గమనించే అలవాటు చేసుకుంటే ఆ కంగారులో వెతుక్కోనక్కర్లేదు.

డిస్పాచర్ (లోడ్లు అప్పజెప్పే కంపెనీ మనిషి) "అందరూ పోతున్నారు, నువ్వెందుకు ఆగావు?" అంటాడు. ఫెడరల్ రూలు 392.14 ప్రకారం రోడ్డు బాగా ప్రమాదకరంగా మారితే బండి ఆపాలి, మళ్లీ సురక్షితంగా నడపగలిగేదాకా కదపకూడదు. "392.14 ప్రకారం ఆపాను" అని ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో రాయండి, ఫలానా ట్రక్ స్టాప్‌లో ఉన్నానని, టైము కూడా వేయండి. అయినా ఉద్యోగం పోతుందని బెదిరించి కదలమంటే అది చట్టవిరుద్ధం. ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏకు 90 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు, ఆ మెసేజ్‌లే సాక్ష్యం. అందుకని ఏదీ డిలీట్ చేయకండి.