ఏసీ చల్లబెడుతుంది, గాలి మార్చదు

ప్రశ్న: మా ఊరి ప్రభుత్వాసుపత్రి ఓపీ హాల్లో ఈ వేసవిలో స్ప్లిట్ ఏసీలు పెట్టి, కిటికీలన్నీ బిగించేశారు. చల్లగానే ఉంది. కానీ పదకొండయ్యేసరికి తల బరువెక్కుతోంది. దగ్గేవాళ్లూ చంటిపిల్లల తల్లులూ పక్కపక్కనే కూర్చోవాలి. లోపలి గాలి సంగతి ప్రభుత్వానికి పట్టదా? ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పట్టాలి. అయితే పట్టించుకోకపోతే నిలదీయడానికి తగిన చట్టం మనకు లేదు. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాలు బయటి గాలికి సంబంధించినవి. 2025 నవంబరు దాకా ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వెంటిలేషన్ గురించి చెప్పింది గానీ అది ఫ్యాక్టరీ గేటు దాటి రాలేదు. ప్రభుత్వ భవనాల్లో గాలి విషయమై గట్టిగా అమలుకు దిగింది ఒక్కటే, 2008 అక్టోబరు 2 నుంచి పొగతాగడంపై నిషేధం. జపాన్‌లో 1970 నుంచే పెద్ద భవనాల్లో కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వెయ్యి పాళ్లు) దాటకూడదని చట్టం ఉంది.

ఆసుపత్రుల విషయంలో మాత్రం మీకు పట్టు దొరుకుతుంది. గాలి ద్వారా సోకే జబ్బుల నియంత్రణకు కేంద్ర ఆరోగ్యశాఖ 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. క్షయ వ్యాప్తిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అర్జీలో వాటిని తప్పక ప్రస్తావించండి.

ఇక అసలు చిక్కు. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే పీల్చి, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయటి గాలి చుక్కంత కూడా తీసుకురాదు. బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న హాల్లో (180 ఘనపు మీటర్లు) 30 మంది కూర్చుని తలుపులు మూసుకుంటే పది, పన్నెండు నిమిషాల్లో 1000 దాటుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ స్థాయిలో విషం కాదు. ఇతరులు వదిలిన ఊపిరి మనం ఎంత పీలుస్తున్నామో చెప్పే కొలత అది.

మామూలు భవనంలో మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి కావాలి. ఓపీలో రోగికి 60 లీటర్లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. 30 మందికి లెక్కేస్తే గంటకు 6480 ఘనపు మీటర్లు, అంటే హాల్లో గాలి గంటకు 36 సార్లు మారాలి. ఎగ్జాస్ట్ ఫ్యానుతో అది తేలే పని కాదు. ఎదురెదురు కిటికీలకు మాత్రం తేలికే. లెక్క ఇదీ: 0.65ను గాలి వేగంతోనూ (సెకనుకు మీటర్లలో), రెండు వైపుల్లో తక్కువగా తెరిచి ఉన్న వైపు వైశాల్యంతోనూ (చదరపు మీటర్లలో), 3600తోనూ హెచ్చించి, గది ఘనపరిమాణంతో భాగించాలి. గాలి వేగం ఒక మీటరు, తెరిచిన మేర మూడు చదరపు మీటర్లు అయితే 39 వస్తుంది. కిటికీలు మూసి ఏసీ పెట్టడమంటే, డబ్బిచ్చి ఆ 39ని పోగొట్టుకోవడమే.

ఏసీ తీసేయమంటే ఎవరూ వినరు, మే నెలలో వినాలనీ లేదు. కాబట్టి ఇలా అడగండి: ఒక గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఎదుటి గోడకు కిందుగా గాలి వచ్చే దారి. మనిషికి కనీసం 10 లీటర్ల లెక్కన ఈ హాలుకు గంటకు 1080 ఘనపు మీటర్లు. ఫ్యాను మీద రాసిన సామర్థ్యం జాలీ, దుమ్ము వల్ల తగ్గుతుంది, అందుకే 30 శాతం ఎక్కువది కొనాలి. ఫ్యాన్ని తలుపు పక్కనే బిగించడం తరచూ జరిగే తప్పు: తలుపులోంచి వచ్చిన గాలి అలాగే బయటికి పోతుంది, హాలు మధ్యలో గాలి కదలదు. అగరొత్తి వెలిగించి నాలుగు మూలలా పట్టుకోండి, పొగ ఎటు పోతోందో తెలిసిపోతుంది. దగ్గేవాళ్లను మాత్రం వరండాలో కూర్చోబెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

అర్జీ ముందు సూపరింటెండెంటుకు ఇవ్వండి. చిన్న పనులకు ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధులుంటాయి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. ఏసీల కొనుగోలు ఫైల్లో తాజా గాలి లెక్క ఉందా అని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రశ్న: మా గ్రంథాలయం రోడ్డు పక్కనే. కిటికీ తెరిస్తే దుమ్ము. ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టమని అడగొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అడగొచ్చు, కిటికీకి బదులుగా కాదు. ప్యూరిఫయర్‌లో ఉండే హెపా ఫిల్టరు (సన్నటి ధూళిని పట్టే జల్లెడ) దుమ్మును ఆపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. గది 90 ఘనపు మీటర్లయితే, గాలి గంటకు ఐదుసార్లు శుద్ధయ్యే లెక్కన గంటకు 450 ఘనపు మీటర్ల శుద్ధి గాలి ఇచ్చేది కావాలి. ఓజోన్ వదిలే రకం వద్దు, అది ఊపిరితిత్తులకు చెరుపు. ఫిల్టరు మార్పిడి ఖర్చు కూడా ఇండెంట్‌లోనే (కొనుగోలు కోరే పత్రంలోనే) రాయించండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి అది పేపర్లు పెట్టుకునే బల్ల అవుతుంది. రోడ్డుకు అవతలి వైపు కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి. వాటికి అడ్డంగా పుస్తకాల బీరువాలు ఉంటే ముందు వాటిని జరపమనండి.

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్ మీటరు ఏది కొనాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: ఎన్‌డీఐఆర్ సెన్సరు (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) అని రాసున్నది. చవక వాటిలో చాలావరకు వేరే వాయువులను కొలిచి అంచనా చూపిస్తాయి. కొన్నాక ఆరుబయట పెట్టి చూడండి, 420 దగ్గర నిలవాలి. తరగతిలో కూర్చున్నవాళ్ల తల ఎత్తులో, కిటికీకీ ముఖాలకూ కనీసం మీటరు దూరంలో ఉంచి, పీరియడ్ చివర అంకె రాసుకోండి. ఖాళీ గదిలో తీసిన అంకెతో ఏమీ తెలియదు.