'రంగం తాత' అసలు పేరు

"మా పూర్వీకులంటే నాకు చాలా గర్వం. కానీ తాతకు ముందు ఎవరున్నారో తెలియదు. ఇలా గర్వపడటంలో అర్థం ఉందా?" అని మీరు అడిగారు. మూడేళ్ల కిందటి వరకు నాదీ ఇదే పరిస్థితి.

మాది భీమిలి దగ్గర పల్లె. మా ముత్తాతకు రంగంలో బియ్యం మిల్లు ఉండేదని, యుద్ధం వస్తే అంతా వదిలేసి అడవుల్లో నడిచి వచ్చాడని వింటూ పెరిగాను. రంగం అంటే బర్మాలోని రంగూన్. మా వైపు పాతవాళ్లు అలాగే అంటారు. బళ్లో ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

నాన్న పోయినప్పుడు కర్మ చేయిస్తూ పంతులుగారు మూడు తరాల పేర్లు అడిగారు. తాత పేరు చెప్పాను. ముత్తాత దగ్గర ఆగిపోయాను. ఇంట్లో అందరికీ ఆయన 'రంగం తాత', అంతే. "అసలు పేరు బాబూ?" అని ఆయన మళ్లీ అడిగారు. ఇక ముత్తవ్వ విషయానికొస్తే అలాంటి మారుపేరు కూడా లేదు. ఆ రోజు చాలా సిగ్గుపడ్డాను.

దినాలు అయ్యాక మా పెద్దత్త దగ్గర కూర్చున్నాను. ఎనభై దాటిన మనిషి. "మన వంశం గురించి చెప్పత్తా" అంటే "ఏటుంది నానా, కష్టపడ్డారు, పోయారు" అని ఊరుకుంది. మర్నాడు ఇంకోలా అడిగాను: "ఆయన రంగం వెళ్లడానికి డబ్బులెవరిచ్చారు?" అంతే, రెండు గంటలు ఆగకుండా చెప్పింది. మీరూ పెద్దవాళ్లను వంశం గురించి అడగకండి. అప్పుల గురించి, అమ్ముకున్న పొలాల గురించి, పురుళ్ల గురించి అడగండి. పేర్లన్నీ వాటి వెంటే వస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

మిల్లు మాది కాదు. ముత్తాత అందులో బస్తాలు మోసే కూలీ. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి స్టీమరు ఎక్కించేవాడు, ఆ బాకీ కూలి డబ్బుల్లోంచి కోసుకునేవాడు. తర్వాత నేను చదివి తెలుసుకున్నది, 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగం మందికి పైగా భారతీయులేనట. మనవాళ్లను అక్కడ 'కొరంగీలు' అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో ఓడరేవు పని దగ్గర మొదలైన గొడవల్లో ఎంతోమంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అత్త చెప్పిన 'గొడవల ఏడు' అదేనని అప్పుడు అర్థమైంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ చేరి, కలకత్తా మీదుగా ఇంటికొచ్చాడు. నడిచి రావడం మాత్రం నిజమే.

మిల్లు లేదని తెలిసి రెండు రోజులు మనసు బాగోలేదు. అబద్ధం చెప్పుకుని తిరిగాననిపించింది. కానీ అత్త చెప్పినదాంట్లో ఇంకో మనిషి ఉంది. ఆయన వెళ్లేటప్పుడు ఇంటి ఖర్చులకు పాతిక సెంట్ల మెట్టభూమి షావుకారు దగ్గర తాకట్టు పెట్టారు. దాన్ని విడిపించింది మా ముత్తవ్వ. చెరువులో నానబెట్టిన గోగు కట్టల నుంచి నార తీసే కూలి చేసిందట, మొలలోతు మురుగు నీళ్లలో నిలబడి. రంగం నుంచి మనియార్డర్లు రాని నెలల్లో కూడా పైసా పైసా కూడబెట్టింది. ఆయన వెనక్కొచ్చేసరికి భూమి ఇంటికొచ్చేసింది. ఇప్పుడు మా ఇల్లు ఉన్నది ఆ చెక్కలోనే. పెట్టె అడుగున దస్తావేజు దొరికింది. అందులో ఆవిడ పేరు, పక్కన వేలిముద్ర ఉన్నాయి. సింహాచలం అప్పన్న పేరు కలిసిన పేరు.

అందుకే మీ గర్వం తప్పని నేను అనను. నాకు ఆ మిల్లు కథ మీద గర్వం లేకపోతే పంతులుగారి ప్రశ్న అంత గుచ్చుకునేది కాదు, అత్త దగ్గరికి వెళ్లేవాణ్ణీ కాదు. కానీ అడగడం వాయిదా వేయకండి. నాన్న ఉన్నప్పుడే అడిగి ఉంటే ఆయన చిన్నప్పుడు చూసినవి కూడా తెలిసేవి. ఆ బాధ నాకు పోదు.

సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. రంగం తాతకని ఏటా పంచె మాత్రమే పెట్టేవాళ్లం. మొన్న దాని పక్కన ఒక నేత చీర పెట్టాం. అత్త ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి, నీళ్లు వదిలింది.