మొదటి ట్రాక్: ‘సూపర్’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, ఉండేది కూకట్‌పల్లి. మూడు నెలలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) మొదటి హౌస్ ట్రాక్, అంటే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ ట్రాక్, చేశాను. ఫ్రెండ్స్‌కి వినిపిస్తే ‘సూపర్ మామా’ అంటారు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పరు. హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంది కానీ మా బావ కారులో పెడితే బేస్ అంతా ముద్దముద్దగా వినిపించింది. లోపాలు ఎలా తెలుస్తాయి?

జవాబు: ముందు అభినందనలు, చాలామంది ఎనిమిది బార్ల లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క) దగ్గరే ఆగిపోతారు, మీరు పూర్తి చేశారు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్’ అనే వస్తుంది, అందుకే ‘ఎక్కడ బోర్ కొట్టింది?’ అని అడగండి, ఇంకా మంచిది ఏంటంటే పక్కనే కూర్చుని ఏమీ మాట్లాడకుండా చూస్తూ, వాళ్ల చెయ్యి ఫోన్ మీదికి వెళ్లిన క్షణాన ట్రాక్ ఎన్నో సెకనులో ఉందో రాసుకోండి. ఆ అంకె అబద్ధం చెప్పదు.

ఇక బేస్. కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), బేస్ రెండూ ఒకే లోతులో, 50-100 హెర్ట్జ్ మధ్యే కొట్టుకుంటున్నట్టున్నాయి. కిక్ పడ్డప్పుడల్లా బేస్ కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టండి, ప్యాడ్స్ (వెనక సాగుతూ ఉండే స్వరాలు), గొంతుల్లో 100 హెర్ట్జ్ కిందది కోసేయండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ రాలేదని మాత్రం పెంచకండి, అంత చిన్న స్పీకర్‌కి అది చేతకాదు. తర్వాత అదే కారులో, అదే వాల్యూమ్‌లో మళ్లీ వినండి.